అటక మీద బాబాయి

ఆ ఆదివారం పొద్దున డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకానికి వంక పెట్టడం ఎవరి తరమూ కాదు. అటక మీద మకాం పెట్టిన పునుగుపిల్లి రాత్రంతా ఊరు తిరిగి, తెల్లారేసరికి వచ్చి పడుకుంటుంది. ఇల్లు కొనడానికి చూడవస్తున్న హెడ్‌మిస్ట్రెస్ గారు కాఫీ వేళకి వస్తారు. అది లేచేలోపు ఆవిడ చూడటమూ, మెచ్చుకోవడమూ, సరేననడమూ అన్నీ అయిపోతాయి. పిల్లికి నిద్ర, ఆవిడకి ఇల్లు, మాస్టారికి విముక్తి.

విముక్తి అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. మాస్టారి భార్య నర్సు. ఏడాది కిందట ఆమెను వేరే ఊరి ఆసుపత్రికి బదిలీ చేశారు. అప్పటినుంచీ ఆమె అక్కడొక అద్దె గదిలో, ఈయన ఇక్కడ ఈ పాత పెంకుటింట్లో. శనివారం సాయంత్రం బస్సుకి వస్తుంది, సోమవారం తెల్లవారగానే వెళ్ళిపోతుంది. ఇల్లు అమ్ముడైతే ఈయన కూడా మూటాముల్లే సర్దుకుని అక్కడికే పోవచ్చు. పిల్లలకి బొమ్మలు గీయడం ఏ ఊళ్ళోనైనా నేర్పుకోవచ్చు. కానీ ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళంతా అటక మీద చప్పుడు వినడం, “ఏమిటది?” అనడం, మాస్టారు ఉన్నదున్నట్టు చెప్పేయడం, వాళ్ళు చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే గేటు దాటడం. ఈయన నిజాయితీ వదిలితే తప్ప ఈ ఇల్లు కదలదని బ్రోకరు ఎప్పుడో తేల్చేశాడు.

“ఈసారి మీరు నోరు విప్పకండి,” అంది భార్య, దిండ్లకి ఉతికిన గలీబులు తొడుగుతూ. “ఎవరేం అడిగినా నేను చెప్తాను.”

“అబద్ధాలాడతావా?”

“రోజూ ఆడేదేగా! ‘ఏం కాదు బాబూ, కాస్త చురుక్కుమంటుందంతే’ అని.”

హెడ్‌మిస్ట్రెస్ గారు అన్న వేళకే వచ్చారు. రిటైరై చాలాకాలమైనా ఆవిడ నడుస్తుంటే ఎదురుగా ఎవరున్నా చేతులు కట్టుకోవాలనిపిస్తుంది. వెంట వచ్చిన బ్రోకరు మాత్రం గేటు దగ్గరే ఆగి, ఫోన్లో మరెవరికో మరో ఇల్లు అంటగడుతున్నాడు. ఆవిడ గదులు చూశారు, గోడలు వేలితో కొట్టి చూశారు, పెరటి కిటికీ తెరిచి చెట్ల వంక చాలాసేపు చూశారు.

“ఇక్కడికి పిట్టలూ, ఉడతలూ అవీ వస్తూంటాయా?” అని అడిగారు.

మాస్టారు నిజం చెప్పేయబోయి నాలుక కరుచుకున్నాడు. భార్య మాత్రం తడుముకోలేదు. “అబ్బే! ఈగ కూడా వాలదండీ!”

“ఓహో,” అన్నారావిడ. ఆ ఓహో కాస్త నీరసంగా ఉన్నట్టు మాస్టారికి అనిపించింది. ప్రయాణం బడలిక కాబోలనుకున్నాడు.

హాల్లో కూర్చుని కాఫీ కప్పు అందుకుంటూండగా నెత్తిమీద ధబ్బుమంది. వెంటనే ఈ గోడ దగ్గరనుంచి ఆ గోడ దాకా ఏదో పరుగెత్తింది. పైకప్పు చెక్కల సందుల్లోంచి ఇంత దుమ్ము రాలి, సరిగ్గా వచ్చి కాఫీలో పడింది.

“పైన ఎవరు?” అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

అదిగో, అక్కడ వచ్చింది చిక్కంతా. ‘ఏమిటి’ అని అడిగి ఉంటే భార్య దగ్గర ఎలుకలు సిద్ధంగా ఉన్నాయి. ‘ఎవరు’ అని అడిగేసరికి ఆమె కూడా ఒక్క క్షణం తడబడింది. నోరు విప్పొద్దన్న సంగతి మరిచిపోయి మాస్టారు అందుకున్నాడు.

“మా బాబాయండీ!”

“మా మేనమామండీ!” అంది భార్య, అదే ఊపిరిలో.

హెడ్‌మిస్ట్రెస్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. “ఈయనకి బాబాయి, మీకు మేనమామ. అంటే మీ అమ్మగారు ఈయనకి మేనత్త. మేనరికమన్నమాట!”

“అవునండీ, చిన్నప్పట్నుంచీ ఒకేచోట పెరిగాం,” అంది భార్య. పెళ్ళిచూపుల దాకా ఈయన నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా ఆమెకు తెలియదు.

“మరి పైనుంచి వస్తున్న ఈ వాసనేమిటి?”

“ఆయన ఒంటికి తైలం పట్టిస్తామండీ. పక్షవాతం. పాపం, మంచం దిగలేరు.”

అంతలోనే పైన మళ్ళీ పరుగు. ఈసారి ఆ గోడ నుంచి ఈ గోడకి.

“దిగలేరన్నారే?”

“దిగలేకపోయేవారండీ,” అంది నర్సు చలించకుండా. “తైలం అంత బాగా పనిచేసింది.”

మాస్టారు మనసులోనే భార్యకి దండం పెట్టుకున్నాడు. గండం గడిచేదే, కానీ సరిగ్గా అప్పుడే బ్రోకరు ఫోను జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చి, “ఎవరికండీ తైలం?” అన్నాడు.

“వీళ్ళ బాబాయి గారికి,” అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

“బాబాయా? ఏ బాబాయి?”

సూది పొడిచే ముందు చూసే చూపొకటి నర్సు అతని మీదికి విసిరింది. బ్రోకరు బుర్ర తక్కువవాడేం కాదు. ఇల్లు అమ్మాలంటే ఒక బాబాయి కావాలని అతనికి అర్థమైపోయింది. ఎలాంటి బాబాయో మాత్రం కనుక్కోలేదు.

“ఓ, బాబాయి గారా! ఎంత మంచివారండీ! నిన్ననే బజార్లో కనబడ్డారు. సైకిలు మీద వెళ్తూ నన్ను చూసి ఆగారు కూడానూ!”

హెడ్‌మిస్ట్రెస్ గారు కప్పు బల్ల మీద పెట్టేశారు. ఎదుటివాళ్ళ నీడ కూడా నిటారుగా నిలబడేలాంటి గొంతు తీశారు. “మంచం దిగలేని ముసలాయన బజార్లో సైకిలు తొక్కుతారు. తొక్కొచ్చి, ఆ నిచ్చెనెక్కి, అటక మీద పడుకుంటారు. అంతేనా?”

“ఎత్తంటే ఆయనకి చిన్నప్పట్నుంచీ ఇష్టమండీ,” అన్నాడు మాస్టారు. అన్నాక తన నోరు తనే మూసుకున్నాడు.

ఆవిడ లేచి నిచ్చెన దగ్గరికి వెళ్ళి పైకి చూశారు. అటక తలుపుకి గొళ్ళెం ఇవతలి వైపే ఉంది. పిల్లి హాల్లోకి దిగకుండా మాస్టారే పెట్టించాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. బాబాయి లేడన్న ఆలోచన ఆవిడకి రాలేదు. పాపం, అంతకన్నా ఘోరమైనదే వచ్చింది.

“పెద్దమనిషిని పైన పెట్టి, బయట గొళ్ళెం పెట్టి, కింద మీరు కాఫీలు తాగుతున్నారా? రేపు ఇల్లమ్మేసి ఆయన్ని ఏ చెట్టు కింద వదిలేద్దామని? ఇదిగో చెప్తున్నాను. ఈ ఇల్లు అమ్మడం తనకిష్టమేనని ఆయన తన నోటితో నాకు చెప్పాలి. లేదా ఇల్లు నాకొద్దు. ఇక్కణ్ణుంచి నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్తాను.”

మాస్టారికి కళ్ళముందు సోమవారం బస్సు కనబడింది. ఆ తర్వాత మరో సోమవారం బస్సు, ఆ తర్వాత ఇంకోటి.

“ఆయనకి కొత్తవాళ్ళంటే బిడియమండీ,” అంటోంది భార్య. “మావారు పైకెళ్ళి మాట్లాడిస్తారు. మీరు కిందనుంచి వినండి.”

మాస్టారు భార్య కేసి చూశాడు. ఆమె కళ్ళతోనే నిచ్చెన చూపించింది. ఇక గొళ్ళెం తీసి ఎక్కక తప్పలేదు.

అటక మీద చీకటి. పాత డ్రాయింగు బోర్డులూ, విరిగిన కుర్చీలూ. పిల్లి ఏ మూల ఉందో తెలియదు. మాస్టారు తలుపు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు బొంగురు చేసుకుని ఒకసారి దగ్గాడు.

“బాబాయి గారూ!” అన్నారు కిందనుంచి హెడ్‌మిస్ట్రెస్ గారు. “ఇల్లు అమ్మడం మీకిష్టమేనా?”

“ఇష్టమేనమ్మా, మహా ఇష్టం.”

“తిండి సరిగ్గా పెడుతున్నారా?”

“అరటిపండ్లు పెడుతున్నారమ్మా.” బుర్రలో పిల్లి ఉన్నందువల్ల నోటికి అదే వచ్చింది.

“ఒట్టి అరటిపండ్లేనా?” కింద గొంతు కరుకుదేరింది. “మీ అబ్బాయి మిమ్మల్ని బాగానే చూస్తున్నాడా?”

“వాడా! వాడు బంగారమమ్మా! అంత నెమ్మదస్తుడు, అంత తెలివైనవాడు, అంత—”

కిందనుంచి భార్య దగ్గు వినిపించింది. బాబాయి ఆగాడు.

“మరి మీ మేనకోడలు?”

ముసలి గొంతుతో మాట్లాడటంలో ఎంత సుఖముందో మాస్టారికి అప్పుడే తెలిసింది. సొంత గొంతుతో ఏడాదిగా అనలేనివన్నీ నాలుక చివర్న నిలబడి ఉన్నాయి.

“అమ్మాయి మంచిదేనమ్మా. ఇంట్లో ఉండదంతే. వారమంతా వాడొక్కడే. రెండు కంచాలు పెట్టుకుంటాడు, గుర్తొచ్చి ఒకటి తీసేస్తాడు. మాట్లాడే మనిషి లేక రేడియోతో పోట్లాడతాడు. దాని పాత చెప్పుల జత గుమ్మంలోంచి ఎవరినీ తీయనివ్వడు. దానితో అనడుగానీ, సోమవారం ఆ బస్సు కదిలిందంటే వాడికి ఏడుపొచ్చేస్తుందమ్మా.”

కింద ఎవరో ముక్కు చీదుకున్నారు. అది బ్రోకరు.

ఇంకో రెండు మాటలు చెప్పుకుందామని బాబాయి గొంతు సవరించుకుంటూండగా, ఎదురుగా రెండు కళ్ళు మెరిశాయి. డ్రాయింగు బోర్డుల వెనక, ఎప్పుడో కనబడకుండా పోయిన తన ఉన్ని స్వెట్టరులో పునుగుపిల్లి. దాని పొట్ట కింద ఇంకా కళ్ళు తెరవని పిల్లలు కిచకిచమంటున్నాయి. పగటి పూట ఆ పరుగులెందుకో మాస్టారికి తెలిసేలోపే అది పళ్ళు బయటపెట్టి బుస్సుమంది.

“అమ్మో! ఓయ్! కరుస్తుందే, కరుస్తుంది!” బాబాయి గొంతు ఎగిరిపోయి మాస్టారి గొంతు వచ్చేసింది.

“అయ్యో, బాబాయి గారు కరుస్తున్నారా?” అన్నారు కింద హెడ్‌మిస్ట్రెస్ గారు.

మాస్టారు లేచి వెనక్కి ఒక అడుగు వేశాడు. అక్కడి చెక్క ఫెళ్ళుమంది. ఆయన కుడికాలు తొడ దాకా పైకప్పులోంచి హాల్లోకి దిగిపోయింది. ఆ చప్పుడికి పిల్లి బెదిరి, తలుపులోంచి దూకి, నిచ్చెన మెట్ల మీదుగా జారి, తిన్నగా కాఫీ బల్ల మీద నిలబడింది. పొడుగాటి తోక, మొహం మీద నల్లటి చారలు. హెడ్‌మిస్ట్రెస్ గారికి జానెడు దూరం. బ్రోకరు గేటు దాటి వీధి మలుపు తిరిగాక గానీ తనకిచ్చిన కాఫీ కప్పు ఇంకా చేతిలోనే ఉందని గమనించలేదు. పిల్లి మాత్రం ఆవిణ్ణి ఎగాదిగా చూసి, అతిథుల కోసం పెట్టిన పళ్ళెంలోంచి ఓ అరటిపండు నోట కరుచుకుని, వచ్చిన దారినే పైకి వెళ్ళిపోయింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని ఉండిపోయారు. “పునుగుపిల్లి!” అన్నారు చాలాసేపటికి. తర్వాత, “మరి బాబాయి గారేరీ?”

“ఆయనేనండీ ఇప్పుడు అరటిపండు పట్టుకెళ్ళింది,” అంది భార్య, వినపడీ వినపడనట్టు.

“పిల్లలు కూడా ఉన్నాయండీ!” అన్నాడు పైనుంచి మాస్టారు, కాలు వేలాడదీసుకునే.

ఇక అయిపోయిందనుకున్నారు మొగుడూ పెళ్ళాలు. ఆవిడ మాత్రం కుర్చీలో కూలబడి మొదలుపెట్టారు. “చదువుకున్నవాళ్ళు, మీకేమైనా బుద్ధుందా? నేనెన్ని ఇళ్ళు చూశానో తెలుసా? ఏ ఇంటికెళ్ళినా పిచ్చుక కనబడదు, తొండ కనబడదు. ఈగ కూడా వాలదని మీరనగానే ఇదీ అంతేలెమ్మని, మర్యాదకి కాఫీ తాగి పోదామనుకున్నాను. పునుగుపిల్లి ఉందని గుమ్మంలో ఒక్క మాటంటే గుమ్మంలోనే ఒప్పుకునేదాన్ని కదా!”

 మాస్టారి కాలు ఊగడం మానేసింది.

“అయితే… ఇప్పుడు ఒప్పుకోరా?” అంది భార్య. 

“ఒప్పుకోకేం? ఇల్లు నాదే. కానీ ఒక షరతు. పిల్లల తల్లి, ఊరికే బెదరకూడదు. బెదిరి అది ఎటైనా పోతే ఆ పసికూనల గతేంకాను? తల్లినీ పిల్లల్నీ విడదీసిన పాపం నాకొద్దు. అవి పెద్దవై వాటంతటవి వెళ్ళేదాకా ఈ ఇంట్లో కొత్తమనిషి అడుగుపెట్టడానికి వీల్లేదు. నేనూ రాను. దానికి అలవాటైన మనిషి ఈయనొక్కరే. ఈయన ఇక్కడే ఉండాలి.”

“పోనీలెండి, నేనెలాగూ ఆదివారాలు వస్తానుగా.”

“మీరూ కొత్తేనమ్మా! వారానికోసారి కనబడే మనిషంటే వాటికి మరీ హడలు. ఇన్నాళ్ళు ఓర్చుకున్నారు, ఇంకొన్నాళ్ళు ఓర్చుకోలేరా? రాకండి.”

“ఇంకొన్నాళ్ళంటే?” అన్నాడు పైనుంచి మాస్టారు.

“ఎన్నాళ్ళంటే ఏం చెప్పను? పిల్లలు పెరగాలిగా!”

కాదంటే ఈ కొనే మనిషి కూడా పోతుంది. భార్య తలెత్తి భర్త కాలి వంక చూసింది. కాలు ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగింది. అదే సమ్మతి అయింది.

సోమవారం తెల్లవారింది. బస్సు కిటికీ పక్కన కూర్చున్న భార్య, కింద నిలబడ్డ మాస్టారిని అడిగింది. “మా మేనమామ చెప్పిందంతా నిజమేనా?”

“ఆయనకి మతి స్థిమితం లేదు,” అన్నాడు మాస్టారు, బస్సు చక్రం కేసి చూస్తూ.

“అయినా సరే, నా మాటగా ఆయనకో కబురు చెప్పండి. ఈ బస్సులో కూర్చుంటే ఆయన మేనకోడలికీ ఏడుపే వస్తుందని.”

బస్సు కదిలింది. మాస్టారు ఇంటికి వచ్చి, నిచ్చెన సగం ఎక్కి, చప్పుడు కాకుండా తొంగి చూశాడు. తన స్వెట్టరులో తల్లీ పిల్లలూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఒళ్ళెరక్కుండా నిద్రపోతున్నాయి. ఇంతలో కింద ఫోను మోగింది. హెడ్‌మిస్ట్రెస్ గారు.

“ఏమండీ, అందరూ కలిసే ఉన్నారుగా?”

“కలిసే ఉన్నారండీ,” అన్నాడు మాస్టారు.

“అమ్మయ్య!” అన్నారావిడ.

ఏ కుటుంబమైనా విడిపోతోందంటే ఆవిడ తట్టుకోలేరు.