అందరికీ ఒక్క మెకానిక్

ఆదివారం పొద్దున్న ఏడింటికి మెకానిక్‌ను స్కూటరు ఎక్కించుకోవాలి, ఎనిమిది గంటల చర్చి పూజకు మొదటి బెంచీలో కూర్చోబెట్టాలి. టైలర్ వేసుకున్న ప్లాను ఇంతే. ఇంత చిన్న పనికి మనిషి ఐదింటికే లేచి, చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసి, అద్దం ముందు నిలబడి "పూజ్యులైన మేత్రాణుల వారికి" అంటూ, ఎదురుగా బిషప్పు గారే ఉన్నట్టు గొంతు సవరించుకుంటున్నాడంటే దానికి కారణం కిందటి వారం జరిగిన సమావేశం.

ఆ రోజు చర్చి హాల్లో విశ్వాసులు కలుసుకున్నారు. ఫాదర్లూ కన్యాస్త్రీలూ కారు. మిషను తొక్కేవాళ్లు, సూది మందు పొడిచేవాళ్లు, పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లు, మొత్తం ముప్పైమంది. వారం వారం పూజకొచ్చేదీ వీళ్లే. సువార్త నలుగురికీ చేరాలన్నా, ఈ చర్చి కిందుండే విచారణ కళకళలాడాలన్నా ఏం చెయ్యాలో చెప్పమన్నారు ఫాదర్ గారు. ఆలస్యంగా వచ్చేవాళ్లను గుమ్మం బయటే నిలబెట్టాలన్నారు రిటైరైన మాస్టారు. పూజ అయ్యాక అందరికీ బీపీ చూడాలంది నర్సమ్మ. గానబృందం కొత్త మైకు అడిగింది. ఎవరికి ఏది కావాలో దేవుడికీ అదే కావాలన్నట్టు మాట్లాడారు.

అప్పుడు టైలర్ లేచాడు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. మాస్టారున్న సభలో నోరు విప్పడం ఆయనకు అదే మొదలు.

"ఒక్కొక్కరం ఒక్కొక్కరిని తీసుకొద్దాం ఫాదర్. చర్చికి రావడం మానేసినవాళ్లని. ఇంకో సంగతి. ఎవర్ని తెస్తున్నామో ముందుగా ఎవరికీ చెప్పకూడదు. నలుగురి నోళ్లలో పడితే ఆ మనిషి సిగ్గుపడి అసలు రాడు."

హాలంతా చప్పట్లతో మోగింది. "ఇది గనక ఫలిస్తే, వచ్చే నెల మేత్రాణుల సభలో మన విచారణ తరఫున నువ్వే మాట్లాడాలి" అన్నారు ఫాదర్ గారు. ఆ ఆనందంలో టైలర్ ఆ వారం కుట్టిన చొక్కాలన్నిటికీ కుడి చెయ్యి ఎడమకూ, ఎడమ చెయ్యి కుడికీ పడ్డాయి.

"మీ తమ్ముడు పూజకొచ్చి ఆరేళ్లయింది. ఆయన్ని పిలవచ్చుగా?" అంది భార్య.

"వాడితో మాటల్లేవు కదే."

"మెకానిక్‌తో ఉన్నాయా?"

"తగాదా లేదు. అది చాలు."

మంగళవారమే రిపేరు షెడ్డుకు వెళ్లి మెకానిక్‌ను కదిపాడు. తీరా ఎదురుగా నిలబడితే 'చర్చికి రా' అన్న మాట గొంతు దాటలేదు. టేపు తీసి భుజాలూ ఛాతీ కొలిచాడు. "మనిషన్నాక తెల్లచొక్కా ఒకటుండాలి. డబ్బులేం వద్దు. ఆదివారం పొద్దున్న నేనే వచ్చి తొడుగుతా" అన్నాడు. మెకానిక్ ముఖం పాలిపోయింది. అది పశ్చాత్తాపమనుకుని టైలర్ పొంగిపోయాడు.

ఆదివారం చొక్కా పొట్లంతో వెళ్లేసరికి షెడ్డు షట్టరు దించి ఉంది. తొమ్మిదేళ్లలో ఒక్క ఆదివారం కూడా మూయని షెడ్డు! అంతలో సంచీ భుజాన వేసుకుని నర్సమ్మ దిగింది.

"మీరెందుకొచ్చారన్నయ్యా?"

"బండికి బ్రేకులు పడట్లేదమ్మా."

"మరిప్పుడు ఎలా ఆపారు?"

టైలర్ జవాబు వెతుక్కునేలోగా మాస్టారు వచ్చారు. ముగ్గురూ ఒకర్నొకరు ఎగాదిగా చూసుకున్నారు. విషయం బయటపడిపోయింది.

"వీడు నావాడయ్యా! సోమవారం నుంచీ తిరుగుతున్నాను" అన్నారు మాస్టారు.

"ప్లాను నాది మాస్టారూ!"

"ప్లాను నీది. మనిషి నాకు!"

ఏడున్నరకల్లా ముప్పైమందీ అక్కడే తేలారు, గానబృందంతో సహా. చర్చి మానేసినవాళ్లు ఊళ్లో వందమందైనా ఉంటారు. వీళ్లలో ప్రతివాళ్ల ఇంట్లోనూ ఒకరో ఇద్దరో ఉన్నారు. అయినా అందరికీ మెకానిక్కే దొరికాడు. రోడ్డు పక్కనే ఉంటాడు, ఎదురు మాట్లాడడు, ఎవరికీ చుట్టం కాడు.

నర్సమ్మ ఫోను చేసింది. షట్టరు వెనకాల మోగింది. మళ్లీ చేసింది. మళ్లీ మోగింది.

"లోపలే ఉన్నాడు! పడిపోయాడేమో!"

పదిమంది కలిసి గడియ విరిగేలా లాగి షట్టరు ఎత్తేశారు. లోపల మనిషి లేడు. బల్ల మీద ఫోను, దాని కింద ఓ కాగితం. మాస్టారు క్లాసులో చదివినట్టు గట్టిగా చదివారు.

"స్పానర్లన్నీ మా మేనల్లుడికి. గాలి పంపు పక్క షాపువాళ్లది, తిరిగి ఇచ్చెయ్యాలి. మాస్టారి మీద నాకిప్పుడు కోపం లేదు."

చివరి ముక్కను ఆయన మళ్లీ ఒకసారి లోలోపల చదువుకున్నారు.

"ఇది వీలునామా! ఏం రోగమో, పాపం, పైకి చెప్పుకోలేదు" అంది నర్సమ్మ.

"ఆస్పత్రిలో ఉన్నాడో ఏమో! ముందు ఫాదర్ గారికి చెప్పండి. ప్రాణం పోయేలోగా నూనె రాసి అవస్థ అభ్యంగనం ఇప్పించాలి!" అని ఎవరో అరిచారు.

చర్చి గంట ఎప్పుడో కొట్టేశారు. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. ముప్పైమందీ రోడ్డున పడి పరుగు లంకించుకున్నారు. అందరికంటే ముందు టైలర్. ఆయన గుండె దడదడలాడుతోంది, సగం మెకానిక్ కోసం, సగం ప్రసంగం కోసం.

తలుపులు తోసుకుని లోపల పడ్డారు. బెంచీలన్నీ ఖాళీ. పీఠం దగ్గర ఫాదర్ గారు. మొదటి బెంచీలో, చేతులు ఎర్రబడేదాకా రుద్ది కడుక్కుని, ఒక్కడే మెకానిక్.

అతను వెనక్కి తిరిగాడు. రొప్పుతున్న ముప్పైమందిని చూశాడు. కన్నీళ్లు తుడుచుకుంటున్న మాస్టారిని చూశాడు. బెంచీ పట్టుకుని మెల్లగా లేచాడు.

"అయితే... ఇవాళేనా?"

"ఏంటి ఇవాళ?" అన్నాడు టైలర్.

"దాచకండి. బుధవారం నర్సమ్మ గారు బీపీ చూసి, నిట్టూర్చి, దేవుణ్ని తలుచుకుంటున్నావా అన్నారు. అప్పుడెప్పుడో బెంచీకి గ్రీజంటిందని నలుగురిలో లేపి పంపేసిన మాస్టారు, వచ్చి క్షమించమన్నారు. మీరు తెల్లగుడ్డకి కొలతలు తీసి, నేనే వచ్చి తొడుగుతా అన్నారు. ఇంకా అర్థం కాకపోతే నేను మనిషినేనా? పొద్దున్నే వచ్చి, నా తప్పులన్నీ ఫాదర్ గారికి చెప్పుకుని పాపసంకీర్తనం కూడా చేసేసుకున్నా."

"నీ బీపీ నాకంటే బాగుంది నాయనా!" నర్సమ్మ నెత్తి కొట్టుకుంది.

"మరి అందరూ ఒక్కసారే అంత మంచిగా ఎందుకున్నారు?"

"నిన్ను పూజకి రప్పిద్దామని" అన్నాడు టైలర్.

మెకానిక్ కూలబడ్డాడు. "ఆ ముక్క నోటితో అనొచ్చుగా? రిపేరైన ప్రతి బండినీ ఈ చర్చి ముందు నుంచే తిప్పి చూస్తా. తొమ్మిదేళ్లలో లోపలికి రమ్మన్నవాళ్లు ఒక్కళ్లు లేరు."

మాస్టారు వెళ్లి అదే బెంచీలో అతని పక్కన కూర్చున్నారు.

ఫాదర్ గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "ముప్పైమంది కలిసి ఒక్కణ్ని తేలేకపోయారు. ఈయనొక్కడే ముప్పైమందిని పరిగెత్తించి తెచ్చాడు. మేత్రాణుల సభలో మాట్లాడేది ఈయనే."

"నాకు మాట్లాడటం రాదు ఫాదర్!"

"ఇప్పుడు అన్నదే అక్కడా అను. చాలు."

చర్చి చప్పట్లతో దద్దరిల్లింది. టైలర్ కూడా కొట్టాడు. ఆ తర్వాత మోకరించి, కళ్లు మూసుకుని, జన్మలో మొదటిసారి నిండు మనసుతో ప్రార్థించాడు: మేత్రాణుల సభ రోజున ఊళ్లో బండ్లన్నీ ఒక్కసారే చెడిపోవాలని.