వానపాములకు వేరే కూరగాయలు

బ్రాడీపేటలో పురుగుమందుల కొట్టు బాపయ్య గారి పెరట్లో, రెండువేల రెండో సంవత్సరం శ్రావణమాసంలో, వానపాములు కాపురం పెట్టాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వాటిని తెచ్చినవారు ఆయన భార్య సుబ్బరావమ్మ గారు. సంజీవరావు గారనే రిటైరైన వ్యవసాయాధికారి మహిళా మండలిలో వంటింటి చెత్తతో ఎరువు తయారుచేయడం గురించి ఉపన్యసించారు. మిగతా సభ్యురాళ్లు టీ, బిస్కెట్లు పుచ్చుకుని వెళ్లిపోయారు. సుబ్బరావమ్మ గారు మాత్రం వానపాములను పుచ్చుకున్నారు.

వాటి ఆరోగ్యానికి కావలసినవన్నీ సంజీవరావు గారు వివరంగా చెప్పారు. వాటిని పెంచే డ్రమ్ముకు గాలాడాలి, అడుగున చిల్లులుండాలి, ఎండ తగలకూడదు. లోపల పేడ, ఎండుటాకులు, చించిన కాగితాలు పరిచి పైన తడి గోనెపట్టా కప్పాలి. గుప్పెడు తీసి పిండితే చెమ్మ తెలియాలిగానీ నీళ్లు కారకూడదు. ఉప్పు, పులుపు, నూనె, కారం వాటికి పడవు.

ఈ చివరి మాట దగ్గర ఇల్లు ఇరుకున పడింది. గుంటూరులో కారం తగలని మెతుకు ఎక్కడ దొరుకుతుంది? బాపయ్య గారికి కడుపులో పుండు ఉందనీ, కారం మానాలనీ డాక్టరు ఏళ్ల తరబడి చెబుతున్నాడు. దాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. వానపాముల విషయంలో అలాంటి అశ్రద్ధ పనికిరాదు గనుక, కూరలో కారం పడకముందే వాటి వాటా విడిగా తీసిపెట్టే ఏర్పాటు జరిగింది.

ఇంత చేసినా అవి చచ్చిపోసాగాయి. సంజీవరావు గారు వచ్చి గుప్పెడు తీసి పిండారు, వాసన చూశారు, నీడను మెచ్చుకున్నారు. ఏర్పాట్లన్నీ సంతృప్తికరంగా ఉన్నాయనీ, చావు ఒక్కటే లోపమనీ తేల్చి, మళ్లీ కొన్ని వానపాములను ఇచ్చారు. అవీ పోయాయి. ఆయన మరికొన్ని ఇచ్చి వెళ్లారు.

బాపయ్య గారికి ఇదంతా వింతగా ఉండేది. పత్తి పూత మీద ఉన్న రోజులు. కొట్టు తెరిస్తే, ఎంత మందు కొట్టినా పచ్చపురుగు చావడం లేదని రైతుల గోల. ఇంటికొస్తే, ఏ మందూ కొట్టకుండానే వానపాములు చస్తున్నాయని భార్య గోల. ఈ రెండూ కలిపి చూడాలని ఆయనకు తోచలేదు. వ్యాపారంలో పైకొచ్చిన వారికి అలాంటివి తోచవు.

అంతలో ఒకనాడు బంద్ జరిగి మార్కెట్టు మూతపడింది. వీధిలో గంపెత్తుకుని వచ్చింది వీరమ్మ ఒక్కతే. ఊరవతల పల్లెలో, తన గుడిసె పక్క కాస్త జాగాలో ఆమె వంగ, బెండ వేసుకునేది. మందు కొనే స్తోమత లేక చల్లేది కాదు. అందుకే ఆమె వంకాయలు వంకరగా, చిల్లులతో ఉండేవి. వేరే గతిలేక సుబ్బరావమ్మ గారు వాటినే కొన్నారు. కోస్తే ఒకదాంట్లో పురుగు కనిపించింది. పరువుగల ఇంట్లో అలాంటివి వండరు గనుక, గంపంతా డ్రమ్ములో పోయించి ఆ పూట పప్పుచారుతో సరిపెట్టారు.

వానపాములు చావడం మానేశాయి. నాలుగు వారాలు తిరిగేసరికి పిల్లలు పెట్టాయి. డ్రమ్ములో నల్లటి ఎరువు, తొలకరి వాన వాసన.

సుబ్బరావమ్మ గారు తెలివైనవారు. చావులు ఆగిన రోజే సంగతి గ్రహించారు, తగిన చర్య తీసుకున్నారు. అప్పటినుంచి వీరమ్మ దగ్గర పుచ్చు వంకాయలు వానపాములకూ, మార్కెట్టులో నిగనిగలాడే వంకాయలు ఇంటిల్లిపాదికీ కొనడం మొదలుపెట్టారు. మార్కెట్టు కూరల తొక్కలు డ్రమ్ము దరిదాపులకు రానిచ్చేవారు కాదు. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉండాలనే ఈ జాగ్రత్త. అందరూ అంటే వానపాములు.

వీరమ్మకు ఇవేమీ తెలియవు. ఇంత పెద్దింటి అమ్మగారు దయతలచి తన పుచ్చుకాయలు తింటున్నారని అనుకుని సిగ్గుపడింది. రుణం ఉంచుకోకూడదని, చేతిలో నాలుగు రూపాయలు ఆడగానే బాపయ్య గారి కొట్టుకే వెళ్లి మందు సీసా కొని, తోటంతా తడిసేలా కొట్టింది. ఆ వారం ఆమె గంపలో వంకాయలు అద్దాల్లా మెరిశాయి.

సుబ్బరావమ్మ గారు మురిసిపోయి అవే గుత్తివంకాయ చేశారు. వీరమ్మ కాయలే కదా అని ముచ్చికలూ, మిగిలిన కాయలూ డ్రమ్ములో వేశారు. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. మర్నాడు గోనెపట్టా తీస్తే, బయటికి పోదామని గోడ పైదాకా పాకి, అక్కడే అతుక్కుపోయి ఉన్నాయి వానపాములు. ఒక్కటీ కదల్లేదు. ఆమె పెరట్లోనే కూలబడి ఏడ్చారు.

ఆ పూటే వీరమ్మ వస్తే, కాయల మీద ఏం చల్లావని అడిగారు.

"మన కొట్లో మందేనమ్మగారూ. అయ్యగారే చేత్తో ఇచ్చారు. ఇంతకాలం పుచ్చువి తిన్నారు గదా, ఇకనైనా మంచివి తింటారని."

అదే సమయానికి బాపయ్య గారు ఇంట్లో దాక్కుని ఉన్నారు. కొట్టు ముందు ఇరవైమంది రైతులు, యలమంద అనే పెదనందిపాడు రైతును ముందు పెట్టుకుని, నకిలీ మందు అమ్మావంటూ తలుపు బాదుతున్నారు. కొట్టు ఉంటుందో ఊడుతుందో తెలియని ఘడియ. వీరమ్మ మాట చెవిన పడి ఆయన పెరట్లోకి వచ్చారు.

"అన్నీ చచ్చినయ్యా?" అని అడిగారు.

"అన్నీ చచ్చినయ్యండీ," అన్నారు సుబ్బరావమ్మ గారు ముక్కు చీదుకుంటూ.

ఆయన ముఖం విప్పారింది. డ్రమ్మును రిక్షాలో వేయించి కొట్టు ముందు దింపించారు. స్టూలెక్కి రైతు సోదరులను ఉద్దేశించి ప్రసంగించారు. సొంత ఇంట, సొంత భార్య ప్రేమతో పెంచుకున్న జీవాలు, మందు తాగి కాదు, మందు తగిలిన ముచ్చికలు తిని నిలువునా చచ్చాయనీ, ఇంతకంటే నిఖార్సైన సరుకు జిల్లాలో చూపిస్తే కొట్టు రాసిస్తాననీ అన్నారు.

యలమంద పుల్లతో ఒక వానపామును కదిపి చూశాడు. "ఇయ్యి వానపాములు గదండీ. మాకు చావాల్సింది పచ్చపురుగు."

"ఇంత పొడుగుదాన్ని చంపింది, వేలెడు లేనిది ఒక లెక్కా? మోతాదు చాలట్లేదు. రెండింతలు కొట్టండి," అన్నారు బాపయ్య గారు.

రైతులు ఆలోచించారు. మాటలో న్యాయం కనిపించింది. సాయంత్రానికి కొట్లో సరుకు ఖాళీ అయింది.

రాత్రి భోజనాల దగ్గర సుబ్బరావమ్మ గారు, ఆ కాయలే మనమూ తిన్నాం కదండీ అన్నారు. మనం మనుషులం కదా అని బాపయ్య గారు ధైర్యం చెప్పి, మిగిలిన గుత్తివంకాయ వడ్డించమన్నారు. ఆమె వడ్డించారు.

కార్తీకంలో సంజీవరావు గారు కొత్త వానపాములతో వచ్చారు. సుబ్బరావమ్మ గారు మంచినీళ్లిచ్చి, వద్దన్నారు.

"ఎందుకమ్మా, ఏర్పాట్లన్నీ బాగానే ఉన్నాయిగా?"

"బాగానే ఉన్నాయండీ. అవి ఇంట్లో ఉంటే మాకు ఏదీ తినబుద్ధి కాదు."

కబురు వీధంతా పాకింది. పక్కింటివారూ ఎదురింటివారూ డ్రమ్ములు కొనే ఆలోచన విరమించుకున్నారు. ఇప్పుడు మా వీధిలో ఒక్క ఇంట్లోనూ వానపాములు లేవు. అందరూ నిశ్చింతగా, కడుపునిండా తింటున్నారు. మీ ఇంట్లోనూ లేవనే నా నమ్మకం.