రోజుకో మెరుగుదల

ఆ పొద్దున ఇస్త్రీ మేస్త్రీ గబగబా టిఫిను తినేసి, "రేపటికల్లా నీ మొగుడు సూపర్వైజరు. రాసిపెట్టుకో" అన్నాడు భార్యతో.

"మా తమ్ముడూ నిన్న ఇదే మాట అన్నాడు" అందావిడ.

తమ్ముడు అదే లాండ్రీలో వ్యాను డ్రైవరు. అక్కడి మేనేజరు మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చి, 'రోజూ నేర్చుకో, రోజూ మెరుగుపడు' అని బోర్డు తగిలించాడు. పనిలో మంచి మార్పు తెచ్చినవారికే ఖాళీగా ఉన్న సూపర్వైజరు కుర్చీ అన్నాడు. మూడు రోజులు కూర్చుని వచ్చినవాడు, ఇరవయ్యేళ్ళుగా నిలబడ్డవాళ్ళకు పని నేర్పడమంటే ఇదే. ఇంకేం, తమ మార్పును ఎవరికి వారు దాచుకున్నారు.

మేస్త్రీ ఆసుపత్రి కోట్లు ఎడమ అరలో, హోటలు కోట్లు కుడి అరలో పెట్టేవాడు. మూటలు కట్టే మూటలక్క ఎడమ నుంచి మొదలెట్టి, కట్టిన వరుసలోనే వ్యానులో వేసేది. చివర వేసిన మూటను డ్రైవరు ముందు హోటల్లో దించి, తర్వాత ఆసుపత్రికి వెళ్ళేవాడు. మూట విప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ రోజు మేస్త్రీ, నడక తగ్గుతుందని అరలు తారుమారు చేశాడు. మూటలక్క, నడుం నొప్పి తగ్గుతుందని కుడి నుంచి మొదలెట్టింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అంతా సవ్యంగానే జరిగిపోయేది. కానీ బావమరిది కూడా నేర్చుకున్నాడు. దారిలో సిగ్నళ్ళ బాధ తప్పుతుందని ముందు ఆసుపత్రికి పోనిచ్చాడు.

పదకొండింటికి ఫోన్లు మొదలయ్యాయి.

"మా పెద్ద డాక్టరు గారి జేబు మీద 'వంట మాస్టరు' అని ఉందండీ! పేషెంటు ఆపరేషనొద్దంటూ లేచి పరిగెత్తాడు!"

"మా సర్వరు 'ఏం కావాలి సార్' అంటే కస్టమరు నాలుక చాపాడండీ!"

మేనేజరు ముగ్గుర్నీ నిలబెట్టాడు. "ఎవరేం మార్చారు?"

"ఒట్టు సార్, నేనేం మార్చలేదు" అంది మూటలక్క.

"నేనా? స్టీరింగు తప్ప ఏదీ తిప్పను సార్" అన్నాడు బావమరిది.

మేస్త్రీ ఛాతీ విరుచుకున్నాడు. "అరలు మార్చింది నేనే. తీసేస్తారా, తీసేయండి."

"నీకెందుకు బావా ఈ సత్యం?" అని గొణిగాడు బావమరిది.

మేస్త్రీ అరలు మళ్ళీ పాతపద్ధతిలో సర్దాడు. మార్చలేదన్న ఇద్దరూ, మార్చినదాన్ని వెనక్కి తిప్పితే దొరికిపోతామని అలాగే కానిచ్చారు. మర్నాడు ఒక్క కోటు కూడా దారి తప్పలేదు.

మేనేజరు మేస్త్రీని పిలిచాడు. "ఇన్నాళ్ళలో ఏదో ఒకటి మార్చింది నువ్వొక్కడివేనయ్యా. దాన్ని దిద్దిందీ నువ్వే. ఓనరు గారికి చూపించడానికి నాకింకెవరున్నారు?"

కుర్చీలో కూర్చున్న మేస్త్రీ వేసిన మొదటి ఆర్డరు: ఇకమీదట ఎవరేం నేర్చుకోదలచినా ముందుగా తనకు అర్జీ పెట్టుకోవాలి.