రామమూర్తిగారి స్మారక గృహం

రాయపూర్ నగరంలో చారిత్రక కట్టడాల సంఖ్య గత ఆదివారంతో ఒకటి పెరిగిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. తెలీబంధాలో రామమూర్తిగారి రెండు గదుల డాబాయే ఆ కట్టడం.

ఉక్కు ఫ్యాక్టరీలో గుమాస్తాగా రిటైరైనప్పటి నుంచి రామమూర్తిగారు బొమ్మలు వేస్తున్నారు. స్థానిక తెలుగు కళామండలి ఒక్కసారి తనను గుర్తిస్తే చాలని ఆయన కోరిక. మండలివారు కవులను, గాయకులను, చివరికి కాంట్రాక్టరుగారి బావమరిదిని కూడా సన్మానించారు గాని, పొరపాటున కూడా ఆయన వైపు చూడలేదు.

మొన్న వేసవిలో ఆయన టూరు బస్సులో ఇంగ్లండు చూసి వచ్చారు. గ్యాలరీల్లో ప్రతి చిత్రం ముందూ నిలబడి, చిత్రం కనబడకుండా ఫొటో దిగారు. ఒక పాత కోటలో మెట్లెక్కలేక కింద కాఫీ తాగి, దాని శిల్పకళ పట్ల పూర్తి తృప్తి ప్రకటించారు. ఎప్పుడో పోయిన ఓ చిత్రకారుడి స్టూడియోలో మాత్రం ఆయన గుండె పొంగిపోయింది. అక్కడ ఆ మహానుభావుడి కుర్చీ చుట్టూ తాడు కట్టారు. బయట గోడకు ఆయన పేరుతో నీలిపలక బిగించారు. గుర్తింపు ఎలా వస్తుందో రామమూర్తిగారికి తెలిసిపోయింది.

ఇంటికి రాగానే పడక్కుర్చీ చుట్టూ తాడు కట్టారు. ఆ తాడు మీద ఆయన భార్య ఆండాళమ్మ తువ్వాళ్లు ఆరేశారు. వీధిగోడకు నీలిపలక వెలిసింది: "చిత్రకారుడు రామమూర్తి స్మారక గృహం."

"ఇదేం పాడు బోర్డండీ! కాలనీవాళ్లు ఏమనుకుంటారు?" అన్నారు ఆండాళమ్మ.

"ఇంగ్లండులో ఇదే పద్ధతి. చుప్‌గా ఉండు!"

మరునాడు పొద్దున్నే మండలి అధ్యక్షులు వీరేంద్రగారు సభ్యులతో, పెద్ద పూలదండతో వచ్చారు. ఆండాళమ్మ నోరు తెరిచేలోగా ఆయన ప్రసంగం మొదలైంది.

"ఏడవకండి భాభీజీ! రామమూర్తిగారు మన రాయపూర్ తెలుగువాళ్ల షాన్, మన గర్వం. ఆయన కుంచె పడితే తెలీబంధా తలాబ్ నీళ్లు కదిలేవి. ఇంతటివారిని పట్టించుకోలేదు, మాఫ్ చేయండి. శంకర్ నగర్‌లో మన హాలుకి ఆయన పేరే, పక్కా!"

స్నానాలగదిలో ఒళ్లంతా సబ్బుతో ఉన్న రామమూర్తిగారికి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లకు తన విలువ తెలిసింది! ఆనందం ఆపుకోలేక తువ్వాలు చుట్టుకుని వచ్చి, అందరికీ చేతులు జోడించారు.

మండలివారు ఆయన్ని, వీధిగోడ మీది పలకనూ మార్చి మార్చి చూశారు.

"మీరున్నారా?" అన్నారు వీరేంద్రగారు, మోసపోయినవాడిలా. దండ సంచిలోకి వెళ్లింది.

"మరి హాలు..." అన్నారు రామమూర్తిగారు.

"అరె, ఇప్పుడెలా కుదురుతుంది సార్? జల్దీ ఏముంది, మీ నంబరూ వస్తుంది!"

రామమూర్తిగారి ప్రతిభ ప్రస్తుతానికి వాయిదా పడింది. పాఠకుల్లో ప్రతిభావంతులు ఎవరైనా ఉంటే, మనవాళ్లు పొగడడం పూర్తయ్యేదాకా దయచేసి స్నానాలగదిలోనే ఉండవలసిందిగా మనవి.