కంపపిట్ట ఇంటిపేరు

రాళ్ళవాగు శాసనసభ్యులు శ్రీ సాంబయ్యగారు సోమవారం పొద్దున క్యాంప్ ఆఫీసులో ప్రెస్ మీట్ పెట్టి, తమ నియోజకవర్గానికి చెందిన ఒక పిట్టకు ప్రపంచస్థాయిలో ప్రమోషన్ వచ్చిందని ప్రకటించారు. ఇది తమ హయాంలోనే జరగడం యాదృచ్ఛికం కాదని కూడా సెలవిచ్చారు.

"ప్రమోషన్ ఎందుకొచ్చింది సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"కష్టపడి పనిచేసింది, వచ్చింది. దీంట్ల రాజకీయం లేదు," అన్నారు సాంబయ్యగారు.

వెనకాల నిలబడ్డ పీఏ శ్యాంసుందర్‌కు చెమట పట్టింది. పేపర్లో ఆ వార్త చూపించింది తనే. మెట్ట చెలకల్లో, ముళ్ళకంపల్లో తిరిగే మట్టిరంగు పిట్ట ఒకటుంది, ఊళ్ళలో కంపపిట్ట అంటారు. దాని డీఎన్ఏ పరీక్షించి, పాత ప్రజాతిలోంచి తీసి కొత్త ప్రజాతిలో పెట్టారని వార్త. పరిశోధన చేసింది కరీంనగర్‌కు చెందిన డాక్టర్ హర్షిణి. ప్రజాతి అంటే ఏందని సార్ అడిగితే శ్యాంసుందర్‌కు తెలియలేదు. తెలియదని చెప్పే ఆనవాయితీ ఆ ఆఫీసులో లేదు. "పై లెవెల్ సార్" అనేశాడు. అది మైకు దాకా వచ్చేసరికి ప్రమోషన్ అయింది.

శ్యాంసుందర్ మంచివాడు. సార్ సర్పంచుగా ఉన్నప్పటి నుంచి ఆయన వెంటే ఉన్నాడు. కారులో సార్ గురక పెడుతుంటే, ప్రజల కోసం ఎంత అలసిపోయారో అని ఏసీ తగ్గించేవాడు.

ఆ వారమే హర్షిణికి సన్మానం పెట్టారు. ఫ్లెక్సీలో సాంబయ్యగారు నిలువెత్తున ఉన్నారు. ఆయన మోకాలి దగ్గర హర్షిణి, ఆమె భుజం పక్కన ఒక పిట్ట.

"అన్నా, ఇది ఆస్ట్రేలియా పిట్ట," అంది హర్షిణి మెల్లగా.

"ఫొటో క్లారిటీ మంచిగున్నది మేడం," అన్నాడు శ్యాంసుందర్. "మన పిట్ట బొమ్మ పెద్దగ చేస్తే మట్టిగడ్డ లెక్క కొడుతుంది."

శాలువా కప్పడం అయ్యాక లోపల చాయ్ తాగుతూ సాంబయ్యగారు అసలు సంగతి అడిగారు. "ఇంతకు ఆ పిట్టకు ఏమైంది బిడ్డా?"

"పిట్టకేం కాలే సార్. ప్రజాతి పేరంటే మన ఇంటిపేరు లాంటిది. అది మారింది."

"ఇంటిపేరు మారిందా? అంటే దత్తత పోయిందా?"

"ఎటూ పోలే సార్. ఉన్నకాడనే ఉన్నది. దాని రక్తం మొదటిసంది గా కుటుంబానిది కాదు. చూడనీకె ఒక్కతీరుగ ఉన్నదని ఎనకటోళ్ళు అండ్ల కలిపిండ్రు. ఇప్పుడు డీఎన్ఏ చూసి మనం సరిదిద్దినం. తప్పు పిట్టది కాదు, మనది."

సాంబయ్యగారి చేతిలో కప్పు ఆగిపోయింది. "గా మాట మల్ల చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది. సార్ కళ్ళల్లో నీళ్ళు తిరగడం శ్యాంసుందర్ స్వయంగా చూశాడు.

కారణం లేకపోలేదు. సాంబయ్యగారు గెలిచింది ఒక పార్టీ నుంచి, అధికారం వచ్చింది ఇంకో పార్టీకి. ప్రతిపక్షం బెంచీ ఆయన నడుముకు పడలేదు. పోదామంటే జనానికి చెప్పే ముక్క దొరకలేదు. 'అభివృద్ధి కోసం' అనే మాటను తనకంటే ముందు పోయినవాళ్ళు వాడి వాడి అరగదీశారు.

"నీకేం కావాల్నో అడుగు బిడ్డా," అన్నారాయన.

"నాకేం వద్దు సార్. మన ఎర్రగడ్డ కాడ కంపల జాగ ఉన్నది గదా, వేరేకాడ కంపలు పోయినయి, ఈ పిట్ట మాకు దొరికింది అక్కడొక్కకాడనే. పనికిరాని భూమని ఎవరో ఒకరు చదును చేస్తరు. జర దాన్ని కాపాడుండ్రి, సాలు."

"నా పానం పోయినా అక్కడ ఒక్క ముల్లు కదలదు," అన్నారు సాంబయ్యగారు. శ్యాంసుందర్‌ను జాగా చూసి రమ్మని కూడా పంపించారు.

హర్షిణితో కలిసి జీపులో వెళ్ళాడతను. తుమ్మలు, రేగుకంపలు, రాళ్ళు. మేకలు మేపుకుంటున్న కిష్టవ్వ వీళ్ళను చూసి దగ్గరికొచ్చింది.

"పిట్టకు పేరు మార్చిండ్రట గదా బిడ్డా. మరి దానికి ఎరికేనా?"

"దానికేం ఎరుక అవ్వా," అని నవ్వింది హర్షిణి. అంతలోనే చెయ్యెత్తి ఆగమంది.

రేగుకంప లోపలి నుంచి సన్నగా ఒక కూత. ఎవరో పసిపిల్ల నిద్రలో నవ్వినట్టుంది. తర్వాత ఆకుల మధ్య మట్టిరంగు తోక ఒకటి కదిలింది. శ్యాంసుందర్ ఊపిరి బిగబట్టి చూశాడు. సార్ ఉపన్యాసానికి కూడా అంత నిశ్శబ్దంగా నిలబడ్డది లేదు. తిరుగుదారిలో, "మీరు ఫికర్ చెయ్యకుండ్రి మేడం, నేనున్న గదా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

పదిహేను రోజులు తిరక్కముందే సార్ అధికార పార్టీలో చేరే చేరికల సభ ఖాయమైంది. హైదరాబాద్ నుంచి పెద్దలు హెలికాప్టర్‌లో వస్తారు. విశాలంగా, పంట లేకుండా, రోడ్డు పక్కన ఉండే స్థలం కావాలి.

"ఎర్రగడ్డ," అన్నారు సాంబయ్యగారు.

"సార్, అది పిట్ట జాగ," అన్నాడు శ్యాంసుందర్. ఇన్నేళ్ళలో అతను సార్‌కు ఎదురు చెప్పడం అదే మొదలు.

"నేను మాట్లాడేది పిట్ట గురించే గదయ్యా? దాని సభ దాని జాగల కాకుంటే ఏడ పెడుతం? అది మల్ల బాధపడదా?"

శ్యాంసుందర్ కాసేపు ఆలోచించాడు. సార్ చెప్పినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. జేసీబీల వాళ్ళకు తనే ఫోన్ చేశాడు. హర్షిణికి మాత్రం చేయలేదు.

సభ ఘనంగా జరిగింది. కొత్త కండువా వేసుకొని సాంబయ్యగారు మైకు పట్టుకున్నారు.

"నేను పార్టీ మారిన్నంటున్నరు. యాడికి పోయిన? ఉన్నకాడనే ఉన్న! నా రక్తం మొదటిసంది గీ పార్టీదే. చూడనీకె ఒక్కతీరుగ ఉన్ననని మీరే నన్ను అండ్ల కలిపిండ్రు. చెప్పుండ్రి, తప్పు నాదా, మీదా?"

"మాదే!" అని కార్యకర్తలు గర్జించారు.

పాత పార్టీ వాళ్ళు అనర్హత నోటీసు ఇప్పించారు. జవాబుకు హర్షిణి పరిశోధన పత్రాన్ని జతచేశారు సాంబయ్యగారు. అది ఇంగ్లీషులో ఉండడం వల్ల కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మిగతా జిల్లాల్లో గోడమీద కూర్చున్న శాసనసభ్యులు కూడా తమ ప్రాంతపు పిట్టల గురించి వాకబు చేయడం మొదలుపెట్టారు.

అంతా సవ్యంగా సాగుతుండగా స్థానిక ఎన్నికలొచ్చాయి. పాత పార్టీ అన్ని సీట్లూ ఊడ్చేసింది. ఫలితాలు చూసిన సాయంత్రం సాంబయ్యగారు నడుము పట్టుకొని మంచం మీద కూర్చున్నారు.

"శ్యాం, గా డాక్టరమ్మకు ఫోన్ కొట్టు. పిట్ట మల్ల పాత ఇంటిపేరులకు వచ్చే చాన్స్ ఏమన్న ఉన్నదేమో అడుగు."

శ్యాంసుందర్ వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాడు. సార్ అడగమన్నదే అడిగాడు.

"శాస్త్రంల ఏదైనా మారొచ్చన్నా," అంది హర్షిణి. "కొత్త సాక్ష్యం దొరికితే మల్ల సరిదిద్దుతం. దానికి ఇంకిన్ని రక్తం నమూనాలు కావాలె. వాటికోసమే నిన్న ఎర్రగడ్డకు వచ్చిన. కంపలు లేవు, పిట్టలు లేవు. నేనున్నన్నవు గదన్నా."

ఫోన్ పెట్టేసింది. శ్యాంసుందర్ వరండాలోనే నిలబడ్డాడు. ఆ కూత ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. ముఖం కడుక్కొని లోపలికి వెళ్ళాడు.

"ఏమన్నది?"

"పిట్టలు లేవట సార్."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ."

సాంబయ్యగారు తల వంచుకొని ఆలోచించారు. మెల్లగా ముఖం వికసించింది. నడుము మీది చేయి తీసి లేచి నిలబడ్డారు.

"సంతాప సభ పెట్టు. పిట్ట పోవుడంటే మన జిల్లా మొత్తానికి దుఃఖమే. పాత పార్టీ పెద్దలను గూడ పిలువు, అందరం ఒక్క స్టేజీ మీద కూసుందం."

శ్యాంసుందర్ డైరీ తీశాడు. "జాగ ఏడ సార్?"

"ఎర్రగడ్డలనే పెడుదం," అన్నారు సాంబయ్యగారు. "మంచిగ సాపు చేసిందే ఉన్నది గదా."