ఊ కొట్టే పరీక్ష

ఆ ఉదయం మాజీ కండక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇచ్చిన అడ్రసుకు వెళ్ళాలి, ఊ కొట్టాలి, తిరిగి రావాలి. ఇరవై రెండేళ్ళు బస్సులో "ముందుకు జరగండి" అని అరిచిన గొంతు ఆయనది. నలభై తొమ్మిదో ఏట సోషల్ వర్క్ డిగ్రీలో చేరినా అలవాటు పోలేదు. ఎవరైనా కష్టం చెప్పుకుంటుంటే, మాట సగంలో ఉండగానే టిక్కెట్టు చింపినట్టు ఒక సలహా చేతిలో పెట్టేవాడు. అందుకే ఇళ్ళకు వెళ్ళి కష్టాలు వినే ఫీల్డు పరీక్ష రెండుసార్లు పోయింది. ఇది ఆఖరి అవకాశం. ఇదీ పోతే డిగ్రీ లేదు.

"నోటికి తాళం వేసుకుని వెళ్ళండి," అంది భార్య.

"పరీక్షలో మాట్లాడాలి కదే?"

"మాట్లాడే రెండుసార్లు తప్పారు."

పరీక్ష పెట్టే మేడం ఈసారి కేసు వివరాలు ఇవ్వలేదు. ముందే తెలిస్తే ఇంటి దగ్గరే సలహాలు వండుకొస్తాడని ఆవిడ భయం. చీటీ మీద ఇంటి నంబరూ, 'ఒంటరి, ఎవరితోనూ మాట్లాడరు' అన్న ముక్కా మాత్రం ఉన్నాయి. పదకొండింటికి తానూ వస్తానంది.

తలుపు తీసే ఉంది. హాల్లో ఒకావిడ ఒళ్ళో సంచి పెట్టుకుని దిగులుగా కూర్చుని ఉంది. కేసు ఈవిడేననుకుని కండక్టరు ఎదురుగా కూర్చున్నాడు. నిజానికి ఆవిడా అదే చదువు వెలగబెడుతోంది. అదే ఇంటికి ఆవిడను ఆసుపత్రి వాళ్ళు పంపారు. అడక్కుండా వచ్చి కుర్చీ లాక్కున్నవాడు ఇంటాయన కాక ఇంకెవరని ఆవిడ అనుకుంది. ఐదు నిమిషాలు ఒకరి మౌనాన్ని ఒకరు గౌరవించుకున్నారు.

"చెప్పండి," అందావిడ.

"చెప్పమంటున్నారు," అన్నాడు. ఎదుటివాళ్ళ మాటే తిరిగి అప్పజెప్పమని పాఠంలో ఉంది.

"చెప్పమంటున్నానని మీకు అనిపిస్తోంది." ఆవిడా అదే పాఠం చదివింది.

"అనిపిస్తోందంటారు."

"ఊ."

ఆ 'ఊ' దగ్గర ఆయన ఓడిపోయాడు. ఇన్నేళ్ళలో తనకెవరూ ఊ కొట్టలేదు. ఒక ముసలాయన దిగాల్సిన స్టాపు మరిచిపోయి మూడు ట్రిప్పులు బస్సులోనే తిరిగాడనీ, తాను విసుక్కుని దించేశాననీ, ఆయన ఎటు వెళ్ళాలో తెలియక రోడ్డు మీదే నిలబడిపోయాడనీ చెప్పాడు. "మీ ఇల్లెక్కడ తాతా అని ఒక్క మాట అడగలేదండీ. ఏమయ్యాడో తెలీదు. అందుకే ఈ చదువు." జేబురుమాలు తీసుకున్నాడు. ఆవిడా కళ్ళు తుడుచుకుని, తన తల్లి ఏదో చెప్పబోయినప్పుడల్లా "తర్వాతమ్మా, తర్వాత" అన్న సంగతి చెప్పింది. ఆ 'తర్వాత' రానేలేదు.

వంటింట్లోంచి ఒక పెద్దాయన మూడు కప్పులతో వచ్చాడు. అసలు కేసు ఆయనే.

"మొగుడూ పెళ్ళాలు ఇలా మనసు విప్పి మాట్లాడుకోవడం మంచిదే," అన్నాడు. "కానీ మా ఇంట్లో ఎందుకు?"

"ఈవిడ నా భార్య కాదండీ!"

"కోపంలో అందరూ అలాగే అంటారు బాబూ. కూర్చో."

మేడం వచ్చేసరికి పెద్దాయన ఇద్దరికీ వంతులవారీగా ఊ కొడుతున్నాడు. "కాసేపు బయట ఉండమ్మా. ఇప్పుడిప్పుడే దారికొస్తున్నారు," అన్నాడామెతో.

కండక్టరు లేచి నిలబడ్డాడు. జరిగింది దాచకుండా చెప్పేశాడు. "ఆయన్ని ఒక్క ప్రశ్నా అడగలేదు మేడం. నా ఏడుపే ఏడ్చాను."

మేడం పెద్దాయన వంక చూసింది. "మీ ఆవిడ పోయి మూడేళ్ళు. మావాళ్ళు ఆరుగురు వచ్చినా మీరు పెదవి విప్పలేదు. ఇవాళేమైంది సార్?"

"వచ్చినవాళ్ళంతా నాకేం కావాలని అడిగారు. నాతో ఎవరికైనా పని పడుతుందా అని నేను చూస్తున్నాను. ఇవాళ పడింది."

మేడం పెన్ను తీసింది. కండక్టరుకు పాసు మార్కులు వేసింది.

వచ్చే ఏడాది ఆ డిగ్రీ ప్రవేశాలకు పెద్దాయన కూడా దరఖాస్తు పెట్టుకున్నాడు. పూర్వానుభవం అన్న గడిలో 'ఇద్దరు, కోలుకుంటున్నారు' అని రాశాడు.