ఇళ్ళ హాజరు

ఆస్తుల ప్రకటన చట్టం వచ్చినప్పటి నుంచి ప్రతి జనవరిలోనూ జిల్లాలోని ప్రభుత్వోద్యోగుల ఇళ్ళూ, తోటలూ, చేపల చెరువులూ తమంతట తామే నడుచుకుంటూ జిల్లా కేంద్రంలోని పరేడు మైదానానికి వచ్చి హాజరు వేయించుకుంటున్నాయి. కాళ్ళు లేకుండా ఎలా నడుస్తాయన్న ప్రశ్న మొదటి ఏడు శాసనసభలో వచ్చింది. ఆ సంగతి నియమావళిలో చూసుకుంటామని మంత్రిగారు జవాబిచ్చారు. నియమావళి అచ్చయ్యేసరికి ఇళ్ళు బయల్దేరనే బయల్దేరాయి.

జనం త్వరగానే అలవాటు పడ్డారు. మూడంతస్తులు దాటినవి బైపాసు మీదుగా రావాలి, సందుల్లోకి దూరకూడదు. ఖాళీ స్థలాలు చాపల్లా చుట్టుకుని వస్తాయి. చేపల చెరువులు మాత్రం పొద్దెక్కకముందే వచ్చి వెళ్ళిపోవాలి, ఎండకి చేపలు ఆగవు. కొబ్బరితోటలు నడిచిన దారిలో రాలిన కాయలు ఏరుకున్నవాళ్ళవి. అద్దెకున్నవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు. ఆ రోజు కుళాయి రాదు కాబట్టి ముందురోజే బిందెలు నింపుకుని, దారిలో పప్పుకి తాలింపు పెట్టుకుంటూ మైదానం చేరతారు.

ఆ మైదానంలో బల్ల వేసుకుని కూర్చునే ఆస్తుల హాజరు అధికారి పేరు గుబ్బల కాశీఅన్నపూర్ణ. ప్రతి ఆస్తీ తన యజమాని ఎక్కడున్నా వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఇంతవరకూ ఒక్కటీ మనిషిని పొరబడలేదు. "ఇది మీదేనా?" అని అన్నపూర్ణ అడుగుతుంది. ఉద్యోగి ఏం చెబితే అది రాసుకుంటుంది. ఇల్లు ఎదురుగా నిలబడడం సాక్ష్యం కిందికి రాదు, ఎందుకంటే దానికి నోరు లేదు. అంతకుముందు ప్రకటించని ఇంటిని ఎవరైనా 'నాదే' అంటే, ఇల్లు సర్కారుకి పోతుంది, ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది. 'నాది కాదు' అంటే ఏదీ పోదు. కాదనిపించుకున్న ఇల్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోయి, మళ్ళీ ఏడు ఇంకో అంతస్తుతో వస్తుంది. అదెలాగని ఎవరూ ఆరా తీయలేదు. మేడ లేస్తూంటే ఎలాగని అడిగే అలవాటు మన వైపు లేదు కదా.

ఇంజనీరు కొప్పిశెట్టి భాస్కరనారాయణగారి ముందు ఏటా ఒక మేడ వచ్చి నిలబడేది. మొదటి ఏడు అది పెంకుటిల్లు. ఇప్పుడు దాని కింద ఏసీ ఫంక్షన్ హాలు కూడా ఉంది. దాని నీడలో నిలబడి, చెమట పట్టని మొహంతో "నాది కాదండి, ఎవరిదో పాపం" అని చెప్పి, అది వెనుదిరుగుతుంటే మాత్రం ఉండబట్టలేక, "బైపాసు దగ్గర కరెంటు తీగలున్నాయి, చూసుకుని వెళ్ళు" అనేవాడు.

ఇక అన్నపూర్ణ సంగతి. ఇన్నేళ్ళ సర్వీసులో ఆవిడ కోసం ఒక్క ప్రహరీ గోడైనా నడిచి రాలేదు. అద్దె వాటాలో కాపురం. ఒకసారి ఒక చెరువు యజమాని సంతోషం కొద్దీ బొచ్చె చేపని బల్ల మీద పెట్టి వెళితే, ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, అప్పటికే ఇంటిదారి పట్టిన చెరువు వెంట పరుగెత్తి, చేపని అందులో వదిలి వచ్చింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని ఎకసెక్కమాడినవాళ్ళు కూడా, తమ పిల్లలకి మంచి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆవిడ పేరే చెప్పేవారు. అలాంటి మనిషి మన ఊళ్ళో ఉందంటే ఎవరికైనా గర్వంగానే ఉంటుంది. అందులో ఖర్చు కూడా ఏం లేదు.

ఆ ఏడు హాజరు ఆఖరి సాయంత్రం, మైదానం దాదాపు ఖాళీ అయ్యాక, ఒక చిన్న ఇల్లు గేటు దగ్గర తచ్చాడుతూ కనిపించింది. రెండు గదులు, ముందు రేకుల వసారా. ఒక పక్క గోడకి సిమెంటు పూత కూడా పడలేదు. మెల్లగా వచ్చి అన్నపూర్ణ బల్ల ముందు నిలబడింది. ఎవరికోసమో అనుకుని ఆవిడ పక్కకి జరిగింది. ఇల్లూ జరిగింది. ఆవిడ లేచి మైదానం ఆ చివరికి నడిచింది. రేకులు చప్పుడు చేసుకుంటూ అదీ వెనకే వచ్చింది.

ఆవిడని ఇంటికి తీసుకెళ్ళడానికి స్కూటరు మీద వచ్చిన భర్త సూరిబాబు, ఆ ఇంటిని చూడగానే బండి స్టాండు వెయ్యడం మర్చిపోయాడు. బండి పడిపోయింది.

"ఏవండీ, ఏమిటిది?" అంది అన్నపూర్ణ.

"పోయిన వేసవిలో, కొబ్బరిపీచు వ్యాపారం బాగున్నప్పుడు కొన్నానే. నా డబ్బే. ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు, నీ మీద ఒట్టు. మా బావ పేరున రాయించేను. నువ్వు రిటైరయ్యేక తాళం చేతిలో పెడదామనుకున్నాను."

"నాకు చెప్పాలి కదా."

"చెబితే ప్రకటించేస్తావు. అప్పుడిహ సరదా ఏముంది?"

మొగుడు పెళ్ళానికి దాచి పెట్టిన సంతోషాన్ని చట్టం ఏ పద్దు కింద చూస్తుందో అన్నపూర్ణకి బాగా తెలుసు. ప్రకటించని స్థిరాస్తి. ఆ పీచు వ్యాపారం దసరాకే మునిగింది. హైదరాబాదులో ఉద్యోగాల కోచింగు తీసుకుంటున్న కూతురు ప్రసూన ఫీజూ, హాస్టలూ, ఇంట్లో మూడు పూటలా అన్నమూ ఆవిడ జీతం మీదే నడుస్తున్నాయి.

"కాదనెయ్యి అన్నపూర్ణా, ఒక్క మాటే కదా. అదేం అనుకోదు" అన్నాడు సూరిబాబు.

ఇంకా మైదానంలోనే ఉన్న భాస్కరనారాయణగారు దగ్గరికొచ్చాడు. మంచి మనసున్నవాడు. "అమ్మా, మొదటేడు నోరు తిరగదండి. నాక్కూడా తిరగలేదు. రెండో ఏటికి అదే అలవాటైపోద్ది. పైగా ఆ ఇంటిక్కూడా మంచిదండి, పైన ఓ పోర్షను లేస్తది" అన్నాడు.

అన్నపూర్ణ ఆ పూత పడని గోడ వైపు చాలాసేపు చూసింది. దాన్ని ఒక్కసారి లోపలికి వెళ్ళి చూడాలని ఆవిడకి ప్రాణం కొట్టుకుపోయింది. వంటగది ఏ వైపుందో కూడా తెలియదు. కానీ హాజరు పూర్తికాకుండా అధికారి ఇంట్లోకి అడుగు పెట్టకూడదు.

ఆవిడ బల్ల దగ్గరికొచ్చి కుర్చీలో కూర్చుంది. "ఇది మీదేనా?" అని అడిగింది. లేచి, బల్ల చుట్టూ తిరిగి, ఉద్యోగులు నిలబడే చోట నిలబడింది.

"నాదేనండి" అంది.

మళ్ళీ వచ్చి కూర్చుని, ఆ జవాబు రాసుకుని, కాశీఅన్నపూర్ణ అను ఉద్యోగిని తొలగించడమైనదని ఉత్తర్వు తయారుచేసి, సంతకం పెట్టి, అవతలికి వెళ్ళి అందుకుని, ముట్టినట్టు ఇంకో సంతకం పెట్టింది. చేతిరాత ఎక్కడా చెదరలేదు. మైదానంలో ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. సూరిబాబు వసారా స్తంభం పట్టుకుని కూర్చుండిపోయాడు, సర్కారు మనుషులు తాళం వెయ్యడానికి అతన్ని లేపాల్సి వచ్చింది.

ఆ ఏటి నివేదికలో, ఒప్పుకున్న అక్రమాస్తుల్లో నూటికి నూరు శాతం స్వాధీనం చేసుకున్నామనీ, చట్టం సంపూర్ణంగా విజయవంతమైందనీ ప్రభుత్వం ప్రకటించింది. అన్నపూర్ణకి ఘనంగా సన్మానం జరిగింది. ఫంక్షన్ హాలు భాస్కరనారాయణగారు ఉచితంగా ఇప్పించాడు. "ఎవరిదో కానీ, ఖాళీగా ఉందండి" అన్నాడు. ఆవిడ గురించి ఆయన మాట్లాడినంత మనసారా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళొత్తుకుని మధ్యలోనే కూర్చున్నాడు. అది నటన కాదు. మిగిలిన అధికారులు వరసకట్టి శాలువాలు కప్పారు. శాలువాలు అన్నం పెట్టవు కాబట్టి, మర్నాటి నుంచి అన్నపూర్ణ వీధిలోవాళ్ళకి క్యారేజీలు కట్టడం మొదలుపెట్టింది. ఎవరూ బేరమాడలేదు. అంత గౌరవం.

కోచింగు మానేసి ఇంటికొచ్చిన ప్రసూన, తల్లితో కూరలు తరుగుతూనే చదువుకుని, రాతపరీక్ష నెగ్గి ఇంటర్వ్యూకి వెళ్ళింది.

"మీకు ఆదర్శం ఎవరమ్మా?" అని అడిగాడు బోర్డు ఛైర్మన్.

"మా అమ్మండి" అని పేరు చెప్పింది.

బోర్డులోవాళ్ళందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ కూర్చున్నాక ఛైర్మన్ మెత్తగా అడిగాడు. "రేపు మీ ముందుకీ ఓ ఇల్లొచ్చి నిలబడిందనుకోండి. మీరూ అమ్మగారిలాగే చెబుతారా?"

ప్రసూన ఆలోచించింది.

"చెప్పనండి" అంది.

ఉద్యోగం వచ్చింది. ఉత్తర్వు పట్టుకుని ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు తల్లికి చెప్పింది. అన్నపూర్ణ క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ అంతా వింది.

"మంచి జవాబే చెప్పావమ్మా" అంది, కూతురి మొహం వైపు చూడకుండా.